పిడుగు పిన్ని గొంతు

ఆ వానాకాలమంతా మా ఆవిడ ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. అలిగి కాదు. అలిగితే ఆవిడ ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది, ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

ఆవిడది డబ్బింగ్ పని. ఎక్కడో ఏదో భాషలో తీసిన సినిమాలకీ సీరియళ్ళకీ మన భాషలో గొంతు ఇస్తుంది. రికార్డింగ్ ఉన్న రోజుల్లో ఇంట్లో నోరు విప్పదు. ఉన్న గొంతంతా మైకు కోసం దాచుకోవాలట. అందుకని మా వంటింట్లో ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒక్కసారి టింగుమంటే అవును. రెండుసార్లంటే కాదు. ఆపకుండా మోగిస్తే, ఇక చాలు నోరు మూసుకోమని నాకు. మా అమ్మయితే ఆ గ్లాసుకి ఎంత అలవాటు పడిందో, కోడలు మామూలుగా మాట్లాడే రోజుల్లో కూడా "ఏమిటో ఇవాళ ఇల్లంతా గోలగా ఉంది" అనేది.

అంతకుముందు అది ఒకటి రెండు రోజుల ముచ్చట. అప్పటిదాకా ఆవిడకి వచ్చినవన్నీ చిన్నా చితకా వేషాలే. బస్సు వెనక పరిగెత్తే ఆడమనిషి, చచ్చిపోయినవాడి చెల్లెలు, గుంపులో అరిచే గొంతు. ఆ ఏడాది మాత్రం ఏకంగా హీరోయిన్ వేషం వచ్చింది, అదీ వారం వారం వచ్చే సీరియల్లో. సీజన్ మొత్తానికీ గొంతు ఆవిడదే. రహస్యం బయటికి పొక్కకూడదని సంతకం చేయించుకున్నారు. కథ సరే, గొంతు ఎవరిదో కూడా చెప్పకూడదు.

నోరు కట్టేసుకునే ముందు ఆవిడ నాతో అన్న చివరి మాట ఇది: "మీ నోట్లో నువ్వుగింజ నానదు. పైగా మీది సెలూన్. ఈ ఒక్క సంగతీ కడుపులో పెట్టుకోండి, మీకు పుణ్యముంటుంది."

పెట్టుకున్నాను. ఎంత కష్టమో పగవాడికి కూడా వద్దు.

ఆ సీరియల్ పేరు పిడుగు పిన్ని. ఒక అపార్టుమెంటులో మొగుడితోనూ అక్క పిల్లలతోనూ ఉండే ఒక మామూలు ఇల్లాలు. పప్పు మాడుస్తుంది, తాళాలు పారేసుకుంటుంది, పక్కింటావిడతో తగూ పెట్టుకుంటుంది. కానీ పడిపోతున్న వంతెనని ఒంటి చేత్తో ఆపగలదు. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తెలియదు. దుర్మార్గులు వెతుక్కుంటూ ఇంటికే వస్తారు. వాళ్ళని గుమ్మంలో చూసి పిన్ని కొంగు సర్దుకుని "వచ్చారు కదా, కూర్చోండి" అంటుంది. అంతే, కూర్చున్నవాడు మళ్ళీ లేవడు. వెనకనుంచి కనపడని జనం ఘొల్లున నవ్విన చప్పుడు వేస్తారు. రెండో వారానికల్లా ఆ మాట వీధిలో పడింది. కూరగాయల అతను కూడా బేరానికి వచ్చినవాళ్ళని "వచ్చారు కదా, కూర్చోండి" అంటున్నాడు. నేను కత్తెర పట్టుకుని పళ్ళు బిగించుకుని నిలబడేవాణ్ణి. ఆ మాట మా ఇంటిదిరా నాయనా అని అరవాలనిపించేది.

అసలు తంటా ఏమిటంటే, పిన్ని ఇంట్లో తాళం వేసిన గది ఒకటుంది. ప్రతి భాగంలోనూ ఒకసారి ఎవరూ చూడకుండా ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. లోపలేముందో చూపించరు. ఆ తలుపు మూసుకోగానే వెనక నవ్వులు కూడా ఆగిపోతాయి.

ఇక చూసుకోండి, నా సెలూన్ సెలూన్ కాదు. జుట్టు పెరగనివాళ్ళు కూడా వచ్చి బెంచీ మీద కూర్చునేవాళ్ళు. అందరికంటే ముందు మా వీధి కరెంటాయన. పొద్దున ఎవరింట్లోనో ఫ్యూజు వేసి, అక్కణ్ణుంచి తిన్నగా నా దగ్గరికే. ఆయన ఫోనులో పిన్ని అభిమానుల గుంపొకటి నడిపేవాడు. ఏ ఊళ్ళో ఎవడికి ఏ ఊహ పుట్టినా సాయంత్రానికి నా అద్దం ముందుకి చేరేది. గదిలో పిన్ని శక్తి ఒక పెట్టెలో ఉందని ఒకళ్ళు. పాత శత్రువుని బంధించిందని ఒకళ్ళు. అసలు ఆ ఇల్లే ఆవిడ కల అని ఇంకొకళ్ళు. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమనే రకం మావాళ్ళు. ప్రతిదానికీ "అవునన్నా, అయ్యుండొచ్చు" అని తలూపేవాళ్ళు. రోజూ గడ్డానికి వచ్చే లెక్కల మాస్టారు ఒక్కరే ఒప్పుకునేవారు కాదు. రిటైరైనా ఎవరి లెక్కయినా కొట్టెయ్యనిదే తోచదాయనకి.

"ఆ గదిలో ఏమీ ఉండదయ్యా. సున్నా. మీరంతా సున్నాకి తోకలు పెడుతున్నారు" అనేవారు నురగ మూతితో.

ఇంట్లో మా అమ్మ సిద్ధాంతం వేరు. శనివారం సాయంత్రం ముగ్గురం భోజనాల దగ్గర టీవీ పెట్టుకునేవాళ్ళం. కోడలి గొంతే అని తెలిసి కూడా అమ్మకి టీవీలో పిన్ని వేరు, పక్కన కూర్చున్న కోడలు వేరు.

"చూడు ఆ పిల్ల ఎంత చక్కగా మాట్లాడుతుందో. నువ్వూ ఉన్నావు, గ్లాసు వాయించుకుంటూ" అనేది. ఒక శనివారం గొంతు తగ్గించి నాతో, "ఒరే, ఆ గదిలో ఎవరున్నారో నాకు తెలుసు. పిన్ని వాళ్ళత్తగారు. పెట్టి తాళం వేసేసింది" అంది.

మా ఆవిడకి పొలమారింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. నేను వెనకాలే వెళ్ళి, "నిజమేనా? అత్తగారేనా?" అని మొహంలోకి మొహం పెట్టి చూశాను. గ్లాసు ఆపకుండా మోగింది.

అలా ఉండేది. వారమంతా ఇంట్లో ఆవిడ గొంతు వినపడదు. శనివారం మాత్రం టీవీలోంచి వినపడుతుంది. నేను కంచం ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. బొమ్మ ఎవరిదైనా, ఆ గొంతు నాతో కాపురం చేసిన గొంతు కదా. వెర్రివాడిలా మురిసిపోయేవాణ్ణి.

సీజన్ ఆఖరికి వచ్చాక ఒక సోమవారం, బయట వాన దంచుతోంది. మాస్టారి గడ్డం ఒక చెంప అయింది, రెండో చెంప నురగలో ఉంది. కరెంటాయన తడుచుకుంటూ వచ్చి గొడుగు కూడా ముడవకుండా గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"అన్నా, దొరికింది. పిన్ని పిన్ని కాదు."

"మరి?"

"మార్చేశారు. అయిదో వారం నుంచి ఇంట్లో ఉన్నది దొంగ పిన్ని. అసలు పిన్ని ఆ గదిలో ఉంది. ఊరూరా ఇదే మాట. మనవాళ్ళందరూ ఒప్పేసుకున్నారు."

"దానికి రుజువేది?" అన్నారు మాస్టారు తల కదపకుండా.

"గొంతు సార్. వినండి."

ఫోను అద్దం ముందు పెట్టాడు. మొదటి వారం పిన్ని "వచ్చారు కదా, కూర్చోండి" అంది. వెంటనే పోయిన శనివారం పిన్ని అదే మాట అంది. మళ్ళీ మొదటిది. మళ్ళీ రెండోది. బెంచీ మీదవాళ్ళు ఊపిరి బిగపట్టారు. మొదటిది గంట కొట్టినట్టుంది. రెండోదానికి చివర చిన్న జీర. 'కూర్చోండి'లో 'కూ' దగ్గర గొంతు ఒక్క క్షణం పట్టు తప్పి, మళ్ళీ దొరికింది. ఆ క్షణంలో గాలి తప్ప మాట లేదు.

"అక్కడ పని చేసేవాళ్ళకి ఈ తేడా తెలియదా? కావాలనే పెట్టారన్నా" అంటున్నాడు కరెంటాయన. "అంత పెద్ద కథ రాసినవాళ్ళు ఊరికే పెడతారా?"

మాస్టారి రెండో చెంప గీశాను. తడి గుడ్డతో తుడిచాను. పటిక రాశాను. కత్తి కడిగి, ఆరబెట్టి, డబ్బాలో పెట్టాను. "ఇవాళ్టికి షాపు కట్టేస్తున్నానండీ" అని షట్టరు దించాను. వానలో గొడుగు మరిచిపోయి నడిచాను.

దీపం కింద చీకటంటే అదే. ముక్కూ మొహం తెలియని జనం ఎక్కడెక్కడో కూర్చుని ఆవిడ గొంతులో వెంట్రుకంత తేడా పట్టుకున్నారు. నేను ప్రతి శనివారం విని మురిసిపోయినవాణ్ణి, నాకు తెలియలేదు. అంత చెవిపెట్టి ఒక మనిషిని అంతమంది వింటారా అని దారంతా అదే ఆశ్చర్యం. భయం ఇంటి గుమ్మం దగ్గర మొదలైంది.

ఆవిడ వంటింట్లో ఉంది. "గొంతు బాగాలేదా?" అన్నాను.

నా వంక చూసింది. తర్వాత చెంచా తీసి ఒక్కసారి కొట్టింది.

మర్నాడు గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. సన్నటి గొట్టం లోపలికి పంపి తెర మీద చూపించింది. రెండు తెల్లటి తీగలు వణుకుతున్నాయి. ఒకదాని మీద బియ్యపు గింజంత కండ. జన్మలో మొదటిసారి చూశాను, మాట పుట్టే చోటు. వేలెడంత కూడా లేదు. దాంట్లోంచేనా ఇన్నాళ్ళూ ఇన్ని మాటలు వచ్చింది అనిపించింది.

"ఇది తీసేయాలి. ఇవాళ్టి నుంచే మాట్లాడటం మానేయాలి. తీశాక గొంతు వస్తుంది, కానీ పాత గొంతే వస్తుందని చెప్పలేను" అంది డాక్టరమ్మ.

"ఇంకా వాడితే?"

"అసలు వస్తుందో రాదో చెప్పలేను."

మా ఆవిడ ఒక వేలు చూపించింది. ఇంకొక్క రోజు. చివరి భాగం ఒక్కటే మిగిలింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "మీరు చెప్పండి ఆవిడకి" అంది.

చెప్పాను. ఇంటికొచ్చి నోరు నొప్పెట్టేదాకా చెప్పాను. "ఆ ఒక్కటీ ఇంకెవరిచేతైనా చెప్పించుకుంటారు. నీకెందుకు?" అన్నాను. రెండుసార్లు మోగింది. "లోకంలో నువ్వొక్కదానివే ఉన్నావా?" మళ్ళీ రెండుసార్లు. "మరి గొంతు పోతే?" అన్నాను. "నాతో ఇంకెప్పుడూ మాట్లాడకపోతే?"

గ్లాసు మోగలేదు. ఆవిడ చెంచా కింద పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి.

గుమ్మంలో నిలబడ్డ మా అమ్మ, "వెళ్ళనీరా" అంది. "నిన్న నువ్వు అంత కంగారులోనూ మాస్టారి రెండో చెంప గీసే వచ్చావటగా, ఆయన చెప్పాడు. సగం గడ్డంతో ఎవరినైనా పంపించావా ఎప్పుడైనా?"



స్టూడియోకి నేనూ వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళనివాణ్ణి. డబ్బింగ్ చూసుకునే ఆయన సన్నగా, నిద్ర చాలనట్టుగా ఉన్నాడు. ఆయనకీ సంగతి తెలుసు. "వేరే అమ్మాయిని కూడా పిలిపించి ఉంచానండీ. కానీ జనం ఆ జీరని కథలో భాగం అనుకుంటున్నారు. అసలు భాషలో అలాంటిదేమీ లేదు. ఆ నటి గొంతు మొదట్నుంచీ చివరిదాకా ఒక్కలాగే ఉంది. ఇంత పిచ్చి నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. మా ఆవిడ వైపు తిరిగి, "నొప్పనిపిస్తే చెయ్యెత్తమ్మా, ఆపేద్దాం" అన్నాడు.

నన్ను అద్దం ఇవతల కూర్చోబెట్టారు. చప్పుడు నా వైపుకి రాకుండా కట్టేశారు. మొగుడైనా సరే, రహస్యం రహస్యమే. తెర కూడా నాకు కనపడదు. కనపడేది ఆవిడ ఒక్కతే. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. గాజులు తీసి నా చేతిలో పెట్టి వెళ్ళింది, మైకులో చప్పుడవుతుందని. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని తెర వైపు చూస్తూ పెదాలు విప్పింది.

అన్ని వారాల తర్వాత ఆవిడ మాట్లాడటం చూశాను. వినపడదు. చూడటమే. చెయ్యి దానంతటదే లేచి ఎవరినో ఆపింది. ఎవరినో తిట్టింది. నవ్వింది, భుజాలు కదిలేలా. ఎవరో పడిపోతుంటే పట్టుకున్నట్టు ఒళ్ళంతా బిగిసింది. నేను ఆవిడతో అన్నం తిన్నాను, పోట్లాడాను, జ్వరం వస్తే పక్కన కూర్చున్నాను. ఈ మనిషిని మాత్రం చూడలేదు. వంతెనని నిజంగా ఎవరైనా ఒంటి చేత్తో ఆపితే ఇలాగే ఉంటారు, సందేహం లేదు. మధ్యమధ్యలో గోరువెచ్చటి నీళ్ళు తాగేది, గొంతు మీద చెయ్యి వేసుకునేది. ఆ సన్నటాయన అడిగినప్పుడల్లా తల అడ్డంగా ఊపేది. చెయ్యి ఎత్తలేదు.

ఆఖర్న ఒక మాట చెప్పడానికి కూర్చుంది. అప్పటిదాకా నిలబడే ఉంది. ఒళ్ళంతా వదిలేసి, పెదాలు మెల్లగా కదిపింది. సన్నటాయన చేతిలో కాగితాలు పక్కన పెట్టి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏమందో నాకు తెలియలేదు. నా చేతిలో గాజులు వెచ్చబడిపోయాయి.

ఆ వారంలోనే ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ మళ్ళీ రమ్మనే దాకా గుసగుస కూడా వద్దంది.

చివరి భాగం వచ్చే శనివారం అందరూ నా సెలూన్లోనే చూస్తామన్నారు. అమ్మనీ ఆవిడనీ కూడా తీసుకొచ్చాను. మెడకి గుడ్డ చుట్టుకుని ఉంది. గొంతుకి ఆపరేషన్ అయింది, మాట్లాడకూడదని చెప్పాను. అంతే చెప్పాను. కరెంటాయన గబగబా లేచి మంచి కుర్చీ తుడిచి వేశాడు.

"వదినా, మీరు మొదట్నుంచీ చూశారో లేదో. కథ చెప్తాను, వినండి" అని పక్కనే స్టూలు లాక్కున్నాడు. పిన్ని ఎవరో, ఎందుకు దాచుకుందో, దొంగ పిన్ని ఎప్పుడొచ్చిందో, 'కూ' దగ్గర ఎలా దొరికిపోయిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపుతూ విన్నది. మా అమ్మ నా డొక్కలో పొడిచింది. నేను అటు తిరిగి సీసాల మీద దుమ్ము దులిపాను.

మొదలైంది. ఊరు మునిగిపోయే వరద, వంతెన, అన్నీ అయ్యాయి. పిన్ని అందరినీ కాపాడి ఇంటికొచ్చి, తిన్నగా ఆ గదిలోకి వెళ్ళిపోయింది. ఈసారి తాళం వెయ్యడం మరిచిపోయింది. మొగుడు తలుపు తోశాడు. సెలూన్లో అందరూ ముందుకి వంగారు.

గదిలో ఏమీ లేదు. ఒక కిటికీ, రెండు కుర్చీలు. ఒకదాంట్లో పిన్ని, కాళ్ళు బారజాపి, తల వెనక్కి వాల్చి. పెట్టె లేదు, శత్రువు లేడు, ఇంకో పిన్ని లేదు.

"ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు మొగుడు.

"ఏమీ లేదు" అంది పిన్ని. "రోజూ కాసేపు ఇక్కడ అలిసిపోతాను. బయట కుదరదు కదా."

ఆ గొంతు. జీర కాదు అప్పటికి, గరుగ్గా, అంచులు అరిగిపోయి, ఒక్కో మాటా చేత్తో ఎత్తి పెడుతున్నట్టుగా ఉంది. మొగుడు గుమ్మంలోనే నిలబడిపోయాడు. పిన్ని రెండో కుర్చీ మీద చెయ్యి వేసి చూపించింది.

"వచ్చారు కదా, కూర్చోండి."

ఎవరూ నవ్వలేదు, వెనక జనం కూడా. నా ఒళ్ళు గగుర్పొడిచింది. నోరు వెళ్ళబెట్టి అలాగే నిలబడ్డాను. ఆ గొంతు ఇక ఎప్పటికీ రాకపోయినా, లోకంలో ఒకసారి ఇలా పలికి వెళ్ళిందిరా అనుకున్నాను. అలా అనుకున్నందుకు వెంటనే భయం వేసింది.

కరెంటాయన ముక్కు ఎగబీలుస్తున్నాడు. కాసేపటికి తేరుకుని, "మరి దొంగ పిన్ని లేదన్నమాట. మరి గొంతెందుకు మారింది సార్?" అన్నాడు.

"అలిసిపోయింది కదయ్యా" అన్నారు మాస్టారు మెల్లగా. సున్నా అని తను ముందే చెప్పానని ఆయన ఆ రోజు అనలేదు.

మా ఆవిడ మంచి కుర్చీలో తల వంచుకుని కూర్చుంది. మా అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ తర్వాత రోజులు సాగలేదు. టీవీలో కూడా ఆ గొంతు లేదు. ఆవిడ మొదటి మాట ఏమై ఉంటుందని ఇంట్లో మాకూ సిద్ధాంతాలు మొదలయ్యాయి. "ముందు నన్నే పిలుస్తుంది, అత్తయ్యా అని" అనేది అమ్మ. నేను నీ మొహం అనేవాణ్ణి గానీ, లోపల నాకూ ఒక ఆశ ఉండేది. రాత్రీ పగలూ ఒకటే ప్రశ్న. వస్తుందా, రాదా?

డాక్టరమ్మ రమ్మన్న రోజు కూడా వానే. మళ్ళీ గొట్టం పంపి చూసింది. మాకేమీ చెప్పకుండా చేతులు కడుక్కుని వచ్చి బల్లకి అటువైపు కూర్చుంది.

"మానింది. ఏదైనా ఒక మాట అనమ్మా. మెల్లగా."

ఆవిడ నోరు తెరిచి మూసేసింది. గొంతు మీద చెయ్యి వేసుకుంది. డాక్టరమ్మ వంక చూసింది, కిటికీ వంక చూసింది, బయట కురుస్తున్న వాన వంక చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. నా చొక్కా భుజాలు తడిసి ఉన్నాయి.

"ఏమండీ" అంది. "గొడుగు తెచ్చారా?"

పాత గొంతు కాదు. పిన్ని గొంతూ కాదు. కాస్త లోతుగా, కొంచెం గరుగ్గా, నేనెప్పుడూ వినని గొంతు. ఆవిడదే.

జవాబు చెబుదామని నోరు తెరిచాను. మాట పెగల్లేదు. చెయ్యి చాపి, డాక్టరమ్మ బల్ల మీద రెండుసార్లు కొట్టాను.